కొట్టంలో అన్న మాట, పేపరులో అన్న మాట

మా ఇంట్లో పేపరుకెక్కిన మొదటి ప్రాణి మా దున్నపోతు. మా వాళ్లు లాల్‌దర్వాజాలో మూడు తరాలుగా పాలు పోశారు. ఎందరి పిల్లల్ని పెంచారో లెక్కలేదు, కానీ మా వాళ్లలో ఏ ఒక్కరి గురించీ ఒక్క అక్షరం అచ్చు కాలేదు. దున్నపోతు మాత్రం ఒళ్లు వంచకుండా, ఓ దీపావళి మరునాడు వీధిలో నిలబడి, ఒక పెద్దమనిషి నోట్లో పడి పేపరుకెక్కింది. దాని వెనకాలే మేమూ రచ్చకెక్కాం.

పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. నాకు పధ్నాలుగో పదిహేనో ఉంటాయి. ఇంట్లో ఉర్దూ చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఆడపిల్లకు చదువు చెప్పించాలనే గొప్ప ఆలోచన ఏదో మా నాన్నకు వచ్చిందని అనుకోకండి. బల్దియా నోటీసులన్నీ ఉర్దూలో వచ్చేవి. వాటిని చదివించుకోవడానికి ప్రతిసారీ ఒకరి గుమ్మం ముందు, అది దోస్తు గుమ్మమైనా సరే, నిలబడటం ఆయనకు నామోషీగా ఉండేది. అందుకని నన్ను బడికి పంపాడు. సరస్వతీ కటాక్షం నాకు మునిసిపాలిటీ ద్వారా దక్కింది.

ఆ ఏడు వానాకాలంలో వచ్చిన నోటీసు చదివి నేనే ఏడ్చాను. బర్రెల కొట్టాల వల్ల ఊళ్లో మురికి, దోమలు, రోగాలు పెరిగిపోతున్నాయట. కాబట్టి కొట్టాలన్నీ ఊరి బయటికి తరలించాలట. మా బేరం ఎలాంటిదో తెలిస్తే నా ఏడుపు అర్థమవుతుంది. మేం పాలు చెంబులో తీసుకెళ్లి పోసేవాళ్లం కాదు. బర్రెనే ఇంటి ముందుకు తోలుకెళ్లి, ఇంటావిడ కళ్లముందు పిండి ఇచ్చేవాళ్లం. నీళ్లు కలపలేదని అంతకు మించిన రుజువు లేదు. ఊరి బయట నుంచి పూటపూటా అంత దూరం నడిపించుకొస్తే బర్రె పాలివ్వదు, శాపనార్థాలిస్తుంది. కొట్టం కదిలితే మా పొయ్యి ఆరిపోయినట్టే.

బల్దియాలో మా పక్షాన మాట్లాడతానన్న మెంబరు ఒక్కడే, మా వాడుక ఇంటి వకీలు. పొట్టిగా, బొద్దుగా, షేర్వాణీ లోపల ఎప్పుడూ చెమటలు కక్కుతూ ఉండేవాడు. నోరు తెరిస్తే నలుగురూ నవ్వాల్సిందే. ఆయన మా తరఫున నిలబడటానికి మా మీద ప్రేమ కొంత కారణం, మా పాలతో వాళ్లావిడ చేసే కోవా మీద ప్రేమ ఎక్కువ కారణం. ఏదైతేనేం, నిలబడ్డాడు.

దీపావళి మరునాడు దున్నపోతుల్ని ముస్తాబు చేసి ఊరేగించడం మా వాళ్ల ఆనవాయితీ. తెల్లవారుజామునే కడిగి, నూనె పట్టించి, మెడలో గవ్వల హారాలు, కాళ్లకు గజ్జెలు కట్టేవారు. మా ఎదురింట్లో ఉండే చాచా లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాడు. ఆయనకూ మా నాన్నకూ చిన్నప్పటి నుంచి దోస్తీ. ఆయన ప్రతి ఏడూ మా దున్నపోతు కొమ్ములకు ఎర్ర లక్క పూసి, అది ఆరకముందే గాజులకు అద్దినట్టు అద్దం ముక్కలు అద్దేవాడు. ఆ రోజు ఎండలో మా దున్నపోతు తల తిప్పితే వీధంతా కళ్లు మూసుకునేది. పైగా అది ముందుకాళ్లు గాల్లోకి లేపి సలాం చేసేది. సలాంకు ఒక బెల్లం ముక్క చొప్పున ముట్టజెప్పాలి. ఎగ్గొడితే ఊరుకునేది కాదు.

ఆ సంవత్సరం వకీలు గారు పిలవకుండానే వచ్చాడు. దున్నపోతు ఆయన ముందు నిలబడి సలాం చేసింది. ఆయన బెల్లం పెట్టి, దాని మెడ నిమిరి, అందరికీ వినపడేలా అన్నాడు.

"నిజం జెప్తున్న, బల్దియాల నా పక్కపొంటి కూసునేటోళ్ల కంటె గీ దున్నపోతు నయం. తిన్నదానికి సలాం జేస్తది. వాళ్లు తింటరు గని సలాం గూడ జెయ్యరు."

వీధి వీధంతా పగలబడి నవ్వింది. మా నాన్న నవ్వలేదు, కళ్లు తుడుచుకున్నాడు. మా వీధిలో దున్నపోతు అంటే తిట్టు కాదు. మా నానమ్మ మనవల్ని దీవించేటప్పుడు "దున్నపోతు లెక్క బతుకు బిడ్డా" అనేది. పెళ్లికొడుకును చూసొచ్చిన వాళ్లు "పిలగాడు దున్నపోతు లెక్క ఉన్నడు" అంటే సంబంధం ఖాయమైనట్టే. అంత మాట ఒక వకీలు, ఒక మెంబరు, షేర్వాణీ వేసుకుని వచ్చి అన్నాడంటే మా నాన్నకు సర్కారు సన్నద్ పత్రం రాసిచ్చినట్టు అయింది.

మూడో రోజు పేపరు వచ్చింది. చాచా దాన్ని పట్టుకుని మా కొట్టంలోకి పరిగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయనకు ఉర్దూ బాగానే వచ్చు. అయినా తన కళ్లను తాను నమ్మలేక, నా చేత కూడా చదివించాడు. పెద్ద అక్షరాలతో ఉంది: బల్దియా మెంబర్లు దున్నపోతుల కంటే హీనమన్న వకీలు. కింద నాలుగు వాక్యాలు. అందులో పండుగ లేదు, ఊరేగింపు లేదు, బెల్లం లేదు, నవ్వు లేదు. పక్కనే నిజం దున్నపోతు ఒకటి అద్దాల కొమ్ములతో నిలబడి ఉందన్న ముచ్చటే లేదు. ఆ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు, అదే నాకు ఒళ్లు మండించింది. మంచాన్ని వదిలేసి నాలుగు కోళ్లు మాత్రం పట్టుకుపోయి ఇదే మంచమన్నట్టు ఉంది.

మా నాన్న మాత్రం పాలు పిండుతున్న వాడల్లా లేచి నిలబడ్డాడు.

"మనది పేపర్ల పడ్డదా?"

"పడ్డది బాపూ. కని లొల్లి అయితున్నది. మెంబర్లందరు కోపానికొచ్చిన్రంట."

"కోపమెందుకు? గాళ్లను దున్నపోతులన్నడా? అనలేదు గద. దానికంటె తక్కువ అన్నడు. నిజమే అన్నడు."

"బాపూ, గదే తిట్టు."

"గాళ్లు మనదాన్ని సూడలేదు బిడ్డా. సూస్తె ఒప్పుకుంటరు."

ఆ ఆఖరి మాటను నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే తర్వాత జరిగిన ఘనకార్యం ఆగేదేమో.

మెంబర్లు ఒక్కటైపోయారు. నల్లా పైపుల గురించి ఏళ్ల తరబడి ఒక్క మాట మీదికి రాని వాళ్లు, దున్నపోతు దగ్గరికి వచ్చేసరికి ఒక్క గొంతుతో మాట్లాడారు. వకీలు క్షమాపణ చెప్పేదాకా సభలో నోరు విప్పనివ్వం అన్నారు. మా కొట్టాల సంగతి తేలేది ఆ వారంలోనే. వకీలు నోరు మూతపడితే మాకు మాట్లాడే నోరే లేదు. మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సభకు ముందు రోజు పొద్దున్నే లేచి చూస్తే, మా నాన్న దున్నపోతును కడుగుతున్నాడు. పండుగ అయిపోయి వారం కావస్తోంది. నూనె పట్టించాడు, గవ్వలు కట్టాడు, గజ్జెలు కట్టాడు. చాచా వచ్చి, ఊడిపోయిన చోట కొమ్ములకు మళ్లీ అద్దాలు అతుకుతున్నాడు. ఏమిటిదని అడిగితే మా నాన్న చాలా శాంతంగా చెప్పాడు.

"బల్దియాకు తోల్కపోతున్న. వకీల్ సాబ్ ఏ దున్నపోతును జూసి గా మాట అన్నడో సూపిస్త. సూసినంక ఎవడన్న కోపానికి రమ్మను సూద్దాం."

రుజువు చూపించాల్సిందేనని చాచా కూడా తల ఊపాడు. "సహీ బాత్ హై బేటీ. సబూత్ దిఖానా పడ్తా."

ఇద్దరు పెద్దమనుషులు, చెరొక యాభై ఏళ్ల అనుభవం ఉన్న వాళ్లు, ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో చూపించడానికి ఆ సందర్భాన్నే ముక్కుతాడు పట్టి నడిపించుకుంటూ బల్దియాకు బయల్దేరారు. కొట్టాలు కదిలించొద్దని నేను రాసిన దరఖాస్తు చేతపట్టుకుని వెనకాలే నడిచాను. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, ఆ రోజు నాక్కూడా అది మంచి ఆలోచనలాగే కనిపించింది. అది చూస్తే ఎవరైనా ముచ్చటపడతారనే నమ్మాను.

మేం బల్దియా గేటు చేరేసరికి మా వెనక రెండు వందల మంది జమ అయ్యారు. ఎవరో "కొత్త మెంబర్ సాబ్ వచ్చిండు" అని అరిచాడు. జనం ఈలలు వేశారు. సరిగ్గా అప్పుడే టాంగాలోంచి ఒక మెంబరు దిగాడు. ఆయన ఎవరో, ఏ పక్షమో మాకు తెలియదు. షేర్వాణీ కనబడగానే మా దున్నపోతు నేర్చుకున్న పని చేసింది. ముందుకాళ్లు లేపి సలాం కొట్టింది. జనం విరగబడి నవ్వారు. అంతటితో పోయేదే. కానీ దానికి బెల్లం రావాలి. ఆ సంగతి తెలియని మెంబరు వెనక్కి తిరిగి గబగబా మెట్లెక్కబోయాడు. దున్నపోతు ఆయన వెనకే వెళ్లి షేర్వాణీ జేబులో మూతి పెట్టింది. మా నాన్న తాడు లాగుతూ "ఏం జెయ్యది సాబ్, ఫికర్ జెయ్యకుర్రి, బెల్లమడుగుతున్నది" అంటున్నాడు. ఆయన మాత్రం తనకు రాకూడని చోట చావొచ్చినట్టు కేకలు పెట్టాడు. నా దరఖాస్తు ఎవరూ తీసుకోలేదు. జవాన్లు మమ్మల్ని కర్రలతో వీధి చివరిదాకా తరిమారు.

మర్నాడు సభ జరిగింది. ఆ మర్నాడు పేపరు వచ్చింది. కొట్టంలో మా అమ్మ, నాన్న, చాచా, అటు ఇటు ఇళ్ల వాళ్లు నా చుట్టూ చేరారు. నేను పైనుంచి కిందికి చదివాను. బల్దియా మీదికి దున్నపోతును ఉసిగొల్పిన సంగతి ముందు ఉంది. తర్వాత వకీలు లేచి నిలబడి చెప్పిన క్షమాపణ ఉంది. దాన్ని నేను తెలుగు చేసి చదువుతూ, మధ్యలో ఆగిపోదామనుకున్నాను. ఆగలేదు. అది నా తెలివితక్కువతనం.

"దున్నపోతు బుద్ధిలేని జంతువు, బురదలో పొర్లే జంతువు. అంత నీచమైన దాని పేరును గౌరవనీయులైన సభ్యుల పక్కన పలికినందుకు సిగ్గుపడుతున్నాను."

కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. క్షమాపణ అయ్యాక వకీలు కొట్టాల గురించి గంటసేపు మాట్లాడాడు. కొట్టాలను కదిలించే ఆలోచన మానుకున్నారు. మా అమ్మ గట్టిగా ఏడ్చి, మా అందరి నోట్లో చక్కెర పోసింది. చాచా మా నాన్నను వాటేసుకున్నాడు. మా నాన్న ఆయన్ని విడిపించుకుని దున్నపోతు దగ్గరికి వెళ్లి, దాని మెడలోని గవ్వలు విప్పేశాడు.

మొదటి మాటకు బల్దియా అంతా నొచ్చుకుంది, మేం మురిసిపోయాం. రెండో మాటకు బల్దియా అంతా శాంతించింది, మా నాన్న మనసు విరిగింది. ఆ రోజు సాయంత్రం నుంచి వకీలు ఇంటికి బర్రెను తోలడం మానేశాడు. ఆ మనిషి వల్లనే కొట్టం నిలిచిందని మా అమ్మ మొత్తుకుంది. "కొట్టం నిలవడ్డది. ఇజ్జత్ పోయింది" అన్నాడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ జాలేసింది. దున్నపోతు విషయంలో ఆయన పట్టుదల చూసి నవ్వే వాళ్లను చూస్తే మాత్రం చంపేద్దామనిపించేది.

నాలుగు రోజులు కోవా లేకపోయేసరికి వకీలే దిగి వచ్చాడు. ఓ మధ్యాహ్నం కొట్టంలో పేడ తొక్కకుండా కాళ్లెత్తెత్తి వేస్తూ వచ్చి, దున్నపోతు ముందు నిలబడి, నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది. గా మాట అనకపోతె నన్ను మాట్లాడనియ్యకపోవుదురు. నేను మాట్లాడకపోతె ఇయ్యాల గీ కొట్టం ఉండకపోవు. నా మనసుల ఏమున్నదో మీకెర్కే గద. ఇది మస్తు మంచిది. నాకంటె మంచిది."

మా నాన్న దున్నపోతు ముందుకు గడ్డి తోశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"గా మాట పేపర్ల అన్నరు. గీ మాట కొట్టంల అంటున్నరు."

వకీలు చెమట తుడుచుకున్నాడు. పేపరులో వేయిస్తానని అనలేదు, వేయించనని కూడా అనలేదు. "సూద్దాం" అన్నాడు. రాజకీయాల్లో ఆ మాటకు అర్థమేమిటో నాకు అప్పటికే తెలుసు. మా నాన్నకు తెలియదు. చూద్దామన్న మనిషి చూస్తాడనుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ పాలు పిండగానే చాచా పేపరు తెచ్చేవాడు, మా నాన్న నా ముందు కూర్చునేవాడు.

"వచ్చిందా?"

"రాలేదు బాపూ."

అలా ఇరవై రోజులు. ఆయన దున్నపోతును వీధిలోకి తీయడం మానేశాడు. చీకటి మూలకు కట్టేసి, అక్కడికే నీళ్లు మోసుకెళ్లేవాడు. వచ్చే దీపావళికి ఊరేగింపు లేదనీ, పేపరులో అంత మాట పడ్డదాన్ని పదిమందిలో ఏ మొహం పెట్టుకుని తిప్పాలనీ మా అమ్మతో అన్నాడట. ఆయన నడుస్తుంటే భుజాలు కిందికి జారినట్టు కనిపించేవి. ఇరవై ఒకటో రోజు "వచ్చిందా?" అని అడిగినప్పుడు, నా నోటి నుంచి "వచ్చింది" అని వచ్చేసింది.

నా చేతిలో ఉన్నది బల్దియా ప్రకటన. మాదన్నపేటలో పైపు మరమ్మతు వల్ల రెండు రోజులు నల్లాలు బందు అని ఉంది. దాన్నే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాను. లాల్‌దర్వాజా దున్నపోతు తెలివైనది, శుభ్రమైనది, దాని గురించి సభలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని వకీలు తెలియజేశాడు, అన్నాను. అంతే, మూడు ముక్కలు. అంతకంటే పెద్ద అబద్ధం ఆడటానికి ధైర్యం చాలలేదు. మా నాన్న పేపరు తీసుకుని చాచా చేతికిచ్చి, "జర్ర నువ్వు గూడ సూడు భాయ్" అన్నాడు. చాచా నల్లాల ప్రకటన వంక చూశాడు, నా వంక చూశాడు.

"హా, లిఖా హై. సాఫ్ లిఖా హై" అన్నాడు.

మా నాన్న ఆ కాగితం ముక్కను జాగ్రత్తగా చింపి, మడిచి, ట్రంకు పెట్టెలో మా అమ్మ పెళ్లి చీర కింద పెట్టాడు. ఆ సాయంత్రమే బర్రె వకీలు ఇంటికి వెళ్లింది. దున్నపోతు మళ్లీ వీధిలో నీళ్లు తాగింది.

నేను అబద్ధం ఆడి తప్పించుకున్నాననుకున్నాను. అది మరుసటి దీపావళి దాకా మాత్రమే. ఆ పండుగ నాడు మా నాన్న దున్నపోతును ఎప్పటికంటే ఎక్కువ ముస్తాబు చేశాడు. వీధి నిండా జనం. వకీలు వచ్చాడు, దున్నపోతు సలాం చేసింది, బెల్లం తిన్నది. అప్పుడు మా నాన్న నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, అందులోంచి ఆ కాగితం ముక్క తీశాడు.

"వకీల్ సాబ్, మీ మాట మీ నోటితోని ఒక్కపారి సదువుర్రి. అందరు ఇంటరు. ఆ తిట్టు ఇన్నోళ్లే అందరు. ఇది ఎవలు ఇన్లే."

వకీలు ఆశ్చర్యపోతూనే కాగితం తీసుకున్నాడు. విప్పి చూశాడు. పైన బల్దియా ముద్ర, కింద మాదన్నపేట నల్లాలు. ఆయన కళ్లు ఆ నాలుగు వాక్యాల మీద రెండుసార్లు తిరిగాయి. తలెత్తి మా నాన్నను చూశాడు, గుంపులో చాచాను చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. నేను నా ప్రాణమంతా కళ్లలోకి తెచ్చుకుని ఆయన్ని చూశాను. నిజం చెప్పేస్తాడేమో. నవ్వేస్తాడేమో. ఏదో పని గుర్తొచ్చిందని టాంగా ఎక్కేస్తాడేమో. ఆయన అలాంటి వాడు కూడా.

వకీలు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, సభలో మాట్లాడే గొంతుతో చదివాడు.

"నేను, బల్దియా మెంబర్‌ను, లాల్‌దర్వాజా దున్నపోతుకు గీ ఊరు ముంగట చెప్పుకుంటున్న. సభల నేను దీన్ని బుద్ధిలేనిదన్న. బుద్ధి నాకు లేకుండె. మురికిదన్న. మురికి నా నోట్ల ఉండె. నా పనిగావాలని నేను దీని ఇజ్జత్ తీసిన. దీన్ని పెంచినోని మనసు గూడ నొప్పిచ్చిన. ఎవలన్న నన్ను దున్నపోతు అంటె, గా మాటకు నేను సరిపోతనా లేదా అని సూస్కుంట. మాఫ్ జెయ్యుర్రి."

ఎవరూ నవ్వలేదు. తిట్టు ఉన్న చోటికి పరిగెత్తుకొచ్చే పేపరాయన ఆ రోజు రాలేదు, కాబట్టి ఆ మాట ఎక్కడా అచ్చు కాలేదు. వకీలు కాగితాన్ని ఎలా మడిచి ఉందో అలాగే మడిచి మా నాన్నకు ఇచ్చాడు.

మా నాన్న దాన్ని మళ్లీ గుడ్డలో కట్టుకుని, నా దగ్గరికి వచ్చి, చాలా బాధగా అన్నాడు.

"గింత మంచిగ జెప్పిండు గదనే సాబ్. నువ్వు మూడు ముక్కలే సదివినవ్. ఇన్నేండ్లు బడికి పోయి ఏం నేర్చినవ్ బిడ్డా?"